మసక వర్ణపటాలను పేర్చి గెలాక్సీ గాలుల వేగం కొలవడం: సున్నా ఎక్కడ పెట్టాలన్నదే అసలు పని

గెలాక్సీ గాలి అంటే గెలాక్సీ నుంచి బయటికి పోయే వాయువు. రెడ్‌షిఫ్ట్ (విశ్వ విస్తరణ వల్ల కాంతి తరంగదైర్ఘ్యం సాగిన కొలత) 2.3 దగ్గరున్న మామూలు గెలాక్సీని పది మీటర్ల టెలిస్కోప్‌తో గంటన్నర చూసినా చేతికొచ్చేది గజిబిజిగా ఊగే గీత మాత్రమే. హైడ్రోజన్ వెలువరించే అతినీలలోహిత రేఖ అయిన లైమన్-ఆల్ఫా ఉద్గారం ఉంటే పైకి లేచి కనబడుతుంది. ఒకటి రెండు శోషణ రేఖలు ఉన్నాయేమో అనిపిస్తాయి. రేఖ కేంద్రం ఎంత నీలి వైపు జరిగిందో, దాని అంచు ఎంత దూరం పాకిందో ఆ గీతలోంచి చెప్పడం కుదరదు. అందుకే పదుల సంఖ్యలోనో వందల సంఖ్యలోనో వర్ణపటాలను ఒకదానిపై ఒకటి పేర్చి సగటు తీస్తారు. ఈ పనినే స్టాకింగ్ అంటారు. 89 వర్ణపటాలు కలిపితే సిగ్నల్-నాయిస్ నిష్పత్తి సుమారు 9.4 రెట్లు పెరుగుతుంది, అంటే ఒక్కోదానిలో 3 ఉంటే మొత్తంలో 28. ఆ లాభం తేలిగ్గానే వస్తుంది. వేగానికి సున్నా బిందువు ఎక్కడ పెట్టాలన్న చోటే కష్టమంతా.

భౌతికంగా చూస్తే విషయం సులువు. కొత్తగా పుట్టిన వేడి నక్షత్రాలు అతినీలలోహిత కాంతిని వెదజల్లుతాయి. వాటికీ మనకూ మధ్య ఉన్న వాయువు మన వైపు వస్తుంటే దాని శోషణ రేఖలు నీలి వైపు జరుగుతాయి. లైమన్-ఆల్ఫా మాత్రం ఎరుపు వైపు కనబడుతుంది. గెలాక్సీకి అవతల మననుంచి దూరంగా పోతున్న వాయువు మీద చెదిరి వచ్చిన ఫోటాన్లే ఇవతలి వాయువు చేతిలో పడకుండా తప్పించుకోగలవు కాబట్టి. ఇక్కడ సిలికాన్-2 అంటే ఒక ఎలక్ట్రాన్ పోయిన సిలికాన్, కార్బన్-4 అంటే మూడు పోయిన కార్బన్. తరంగదైర్ఘ్యాలన్నీ ఆంగ్‌స్ట్రామ్‌లలో; గెలాక్సీ రేఖలవి శూన్యంలోని విలువలు.

రెండు నమూనాలు, ఒకే ప్రశ్న

ఈ చర్చకు ఆధారం కెక్ టెలిస్కోప్ మీది ఎల్‌ఆర్‌ఐఎస్ పరికరంతో తీసిన రెండు ప్రసిద్ధ నమూనాలు. 2003లో ఆలిస్ షాప్లీ బృందం రెడ్‌షిఫ్ట్ 3 పరిసరాల్లోని 811 గెలాక్సీల వర్ణపటాలను పేర్చింది. తక్కువ అయనీకరణ (సిలికాన్-2 లాంటి) రేఖలు సుమారు −150 కి.మీ./సె. దగ్గర (మైనస్ అంటే నీలి వైపు, మన వైపు), లైమన్-ఆల్ఫా సుమారు +360 దగ్గర తేలాయి. 2010లో చార్లెస్ స్టైడెల్ బృందం రెడ్‌షిఫ్ట్ 2.3 దగ్గర 89 గెలాక్సీలతో అదే కొలత తీసింది. శోషణ −164 ± 16, లైమన్-ఆల్ఫా +445 ± 27.

811 కంటే 89 నమ్మదగ్గది ఎలా అయింది? రెండో నమూనాలో ప్రతి గెలాక్సీకీ సమీప పరారుణంలో హైడ్రోజన్-ఆల్ఫా కొలత ఉంది. అది నక్షత్రాల చుట్టూ వెలిగే వాయువు రేఖ కాబట్టి గెలాక్సీ సొంత వేగాన్ని, అంటే సున్నాను, నేరుగా చెబుతుంది. మొదటి నమూనాలో ఎక్కువ గెలాక్సీలకు ఆ కొలత లేదు. లైమన్-ఆల్ఫా, శోషణ రేఖల స్థానాల నుంచే సూత్రంతో సున్నాను రాబట్టాలి. ఆ సూత్రం మాత్రం పరారుణ కొలతలున్న కొద్ది గెలాక్సీల సగటు గాలి వేగం నుంచి వచ్చినదే. అంటే మనం కొలవాలనుకున్న సంఖ్యను ముందే చేత్తో లోపల పెట్టి, తర్వాత బయటికి తీసి చూసుకుంటున్నట్టు. 2003 పత్రం ఈ చిక్కును దాటిన తీరు చూడదగ్గది. స్టాక్ తయారయ్యాక అందులో నక్షత్రాల ఉపరితలం నుంచే వచ్చే బలహీన రేఖలను, కార్బన్-3 1176, ఆక్సిజన్-4 1343, సల్ఫర్-5 1501 లను, కొలిచారు. అవి కొలత దోషం లోపలే సున్నాతో సరిపోయాయి. ఒక్కో వర్ణపటంలో కనబడని రేఖ స్టాక్‌లో బయటపడి స్టాక్‌కే తనిఖీగా పనికొచ్చింది. హైడ్రోజన్-ఆల్ఫా లేని ఏ నమూనాకైనా ఈ తనిఖీ తప్పనిసరి. అది చేయని స్టాక్ నుంచి రేఖల లోతు, బలం తీసుకోవచ్చు గానీ వేగం తీసుకోకూడదు.

రెండు రకాల దోషాలు, రెండు రకాల నష్టాలు

రెడ్‌షిఫ్ట్ 2.3 దగ్గర రెడ్‌షిఫ్ట్‌లో 0.002 తప్పితే వేగంలో 182 కి.మీ./సె. తప్పినట్టు. కొలవాల్సింది 160 అయినప్పుడు ఇది భయపెట్టే సంఖ్యే. అయితే ఆ తప్పు ఒక్కో గెలాక్సీలో ఒక్కో దిక్కుగా, యాదృచ్ఛికంగా ఉంటే 89 గెలాక్సీల సగటులో 19కి దిగిపోతుంది. కేంద్రం కదలదు, రేఖ మాత్రం వెడల్పవుతుంది. పరికరం విభేదనం, అంటే అది రేఖను సగం లోతు దగ్గర వెడల్పు చేసే కొలత, 300 కి.మీ./సె. అనుకుంటే, అదే కొలతలో 428 అయ్యే ఈ చెదురు దానితో వర్గాల లెక్కన కలిసి మొత్తం 520 దాటుతుంది. వెడల్పైన కొద్దీ రేఖ లోతు తగ్గుతుంది, ఆ లోతు నుంచి రాబట్టే ప్రతి సంఖ్యా దెబ్బతింటుంది.

క్రమబద్ధ దోషం దీనికి భిన్నం. ఎన్ని గెలాక్సీలు కలిపినా అది తగ్గదు, పైగా దోషపు గీత చిన్నదవుతున్న కొద్దీ తప్పు మీద నమ్మకం పెరుగుతుంది. అందరూ ఒక్కసారైనా పడే గుంట గాలి–శూన్యం తేడా (ఇక్కడ గాలి అంటే మన వాతావరణం). కొన్ని వర్ణపటాల తరంగదైర్ఘ్య క్రమాంకనం గాలిలోని విలువలతో జరుగుతుంది. 5000 దగ్గర గాలి విలువ శూన్యం విలువ కంటే 1.4 ఆంగ్‌స్ట్రామ్‌లు తక్కువ, అంటే 83 కి.మీ./సె. హైడ్రోజన్-ఆల్ఫా రెడ్‌షిఫ్ట్ శూన్యంలో తీసుకుని, అతినీలలోహిత వర్ణపటాన్ని గాలిలోనే వదిలేస్తే ప్రతి శోషణ రేఖా 83 నీలి వైపు జరుగుతుంది. అసలు సంకేతంలో సగం! దిక్కు కూడా గెలాక్సీ గాలి దిక్కే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఫైల్ శీర్షికలో 'శూన్యం' అని రాసి ఉన్నా సరే, రాత్రి ఆకాశం తానే వెలువరించే ఆక్సిజన్ రేఖ ఎక్కడ ఉందో చూడాలి. 5577.3 దగ్గర ఉంటే అది గాలి, 5578.9 దగ్గర ఉంటే శూన్యం.

భూమి కదలిక సవరణ గరిష్ఠంగా 30 కి.మీ./సె. వేర్వేరు నెలల్లో తీసిన వర్ణపటాల్లో కొంత రద్దవుతుంది గానీ, ఒకే సీజన్‌లో ఒకే ఆకాశభాగం చూస్తే రద్దు కాదు. పరికరం వంగడం వల్ల వచ్చే జరుగుడు ఇంకా మొండిది. ఎల్‌ఆర్‌ఐఎస్ నీలి భాగంలో 400 గీతల గ్రిజమ్ (కాంతిని రంగులుగా విడదీసే పట్టకం) తో పిక్సెల్‌కు 1.09 ఆంగ్‌స్ట్రామ్‌లు, 5000 దగ్గర 65 కి.మీ./సె. ఒక్క పిక్సెల్ వంగుడు అంత ఖరీదు. నీలి వైపు ఆకాశ రేఖలు తక్కువ కాబట్టి సరిచేయడానికి ఆసరా కూడా తక్కువే. అందువల్ల 5577 రేఖ నీలి కెమెరాలో పడేలా కాంతిని విడగొట్టే డైక్రోయిక్‌ను ఎంచుకోవడం పరిశీలన రాత్రికి ముందే తీసుకోవలసిన నిర్ణయం.

పేర్చే క్రమం

గాలి–శూన్యం, భూమి కదలిక, వంగుడు, రెడ్‌షిఫ్ట్ సవరణలు నాలుగింటినీ తరంగదైర్ఘ్యాల పట్టిక మీదే చేయాలి, ఫ్లక్స్ (కాంతి పరిమాణం) జోలికి పోకూడదు. ఆ తర్వాత ఒకే ఒక్క ఇంటర్‌పొలేషన్‌తో (పక్క పిక్సెళ్ల నుంచి మధ్య విలువల అంచనాతో) ఉమ్మడి గ్రిడ్ మీదకు తేవాలి. ప్రతి సవరణకూ ఒకసారి ఇంటర్‌పొలేట్ చేస్తూ పోతే పక్కపక్క పిక్సెళ్ల నాయిస్ ఒకదానికొకటి ముడిపడుతుంది, వర్ణపటం నునుపుగా కనబడి కళ్లను మోసం చేస్తుంది. గ్రిడ్ లాగరిథమ్‌లో, ఒక్కో అడుగు 60 కి.మీ./సె. పెడితే పనికొస్తుంది. రెడ్‌షిఫ్ట్ 2.3 దగ్గర 1.09 పిక్సెల్ గెలాక్సీ సొంత చట్రంలో 0.33 అవుతుంది, 1500 దగ్గర అది సుమారు 66 కి.మీ./సె. అంతకంటే సన్నని గ్రిడ్ పెట్టినా కొత్త సమాచారం రాదు.

తర్వాత ఒక్కో వర్ణపటాన్ని పెద్ద రేఖలు లేని కిటికీలో, 1440 నుంచి 1490 వరకు, మీడియన్‌తో భాగించాలి. లైమన్-ఆల్ఫాకు నీలి వైపున ఎప్పుడూ భాగించకూడదు. అక్కడ దారిలోని హైడ్రోజన్ మేఘాలు రెడ్‌షిఫ్ట్ 3 గెలాక్సీ కాంతిలో సుమారు మూడో వంతు మింగేస్తాయి, అదీ ఒక్కో దృష్టిరేఖలో ఒక్కోలా. దుమ్ము వల్ల వర్ణపటాల వాలు వేర్వేరుగా ఉంటుంది కాబట్టి 1480 దగ్గర సమానమైన గెలాక్సీలు 1850 దగ్గర సమానం కావు. ఒక్కోదానికి పూర్తి కంటిన్యుయం, అంటే రేఖలు లేకుంటే ఉండే కాంతి మట్టం, గీయబోతే, సిగ్నల్-నాయిస్ 2 ఉన్న చోట నాయిస్‌నే గీసినట్టవుతుంది. మధ్యేమార్గంగా ఒక్కోదాన్ని సరళమైన ఘాత నియమంతో మాత్రం భాగించి, అసలు కంటిన్యుయాన్ని స్టాక్ మీదే గీయడం మేలు.

ఆకాశ రేఖల మచ్చల సంగతి. రెడ్‌షిఫ్ట్ 2.0 నుంచి 2.6 వరకున్న నమూనాలో 5577 రేఖ గెలాక్సీ చట్రంలో 1859 నుంచి 1549 వరకు చెదిరిపోతుంది, ఏ ఒక్క చోటా పోగుపడదు అనిపిస్తుంది. కానీ రెడ్‌షిఫ్ట్ 2.34 దగ్గర అది అల్యూమినియం-2 1670.79 మీదే పడుతుంది. సగటు రెడ్‌షిఫ్ట్ 2.3 ఉన్న నమూనాలో గెలాక్సీలు గుమిగూడేది సరిగ్గా అక్కడే. ఆకాశం తీసివేతలో మిగిలిన చిన్న మచ్చ కూడా ఆ రేఖకు తోకలా తగులుకుంటుంది. 5567–5587 మధ్య పిక్సెళ్లను పేర్చే ముందే తీసేయాలి. పేర్చాక కొట్టివేత పద్ధతులు దాన్ని పట్టుకోలేవు.

సగటా, మీడియనా? మీడియన్ పిచ్చి పిక్సెళ్లను తట్టుకుంటుంది, నిజమే. కానీ సగం గెలాక్సీల్లోనే ఉన్న వేగవంతమైన పలుచని వాయువును కూడా అదే చేత్తో తుడిచేస్తుంది. గాలుల అంచు వెతికే పనికి రెండు వైపులా సమానంగా కొద్ది శాతం విలువలను కోసి తీసిన సగటే తగినది. బరువుల విషయంలో పొరపాటు మరీ సులువు. నాయిస్ వర్గానికి విలోమంగా బరువు పెట్టడం గణితపరంగా ఉత్తమం అని పాఠాల్లో ఉంటుంది. 89లో ఐదింటికి సిగ్నల్ 10, మిగిలిన 84కి 2 అనుకోండి. ఆ ఐదూ ఒక్కోటి 25 రెట్ల బరువుతో స్టాక్‌లో 60 శాతం ఆక్రమిస్తాయి. లెక్కకు 89, నిజానికి 14 గెలాక్సీల సగటు. అదీ ప్రకాశవంతమైనవాటిదే, గాలులు బలంగా ఉండే అవకాశం ఉన్నవాటిదే. సమాన బరువుతో వచ్చే నాయిస్‌ను భరించాలి. కనీసం రెండు రకాలుగానూ చేసి తేడా చూపాలి.

ఏ రేఖను నమ్మాలి

అందంగా లోతుగా కనబడే రేఖలన్నీ వేగానికి పనికిరావు. ఆక్సిజన్-1 1302, సిలికాన్-2 1304 రేఖల మధ్య దూరం 506 కి.మీ./సె. ఈ విభేదనంలో రెండూ ఒకే గుంటగా కలిసిపోతాయి, దాని కేంద్రానికి అర్థం లేదు. కార్బన్-2 1334.53కు 265 ఎరుపు వైపున దాని ఉత్తేజిత స్థాయి రేఖ ఉంది, అది కేంద్రాన్ని సున్నా వైపు లాగుతుంది. సిలికాన్-2 1260కి 214 నీలి వైపున సల్ఫర్-2 బలహీన రేఖ నక్కి ఉంది, గాలి తోకలా నటిస్తుంది. సిలికాన్-2 1526.71, అల్యూమినియం-2 1670.79 మాత్రం శుభ్రమైనవి. 1526కు పొరుగున ఉన్న 1533 ఉద్గారం 1320 దూరంలో ఉంది కాబట్టి అడ్డురాదు. వేగానికి ఈ రెండూ, బలాల పోలికకు మిగతావి.

కార్బన్-4 ఒక ఉచ్చు. భారీ నక్షత్రాల సొంత గాలులు వేల కి.మీ./సె. వేగంతో అదే రేఖలో విశాలమైన శోషణను గీస్తాయి. నక్షత్ర సమూహాల నమూనాతో దాన్ని ముందు భాగించకుండా మిగిలినదంతా గెలాక్సీ గాలి అంటే, నక్షత్రాల ఊపిరిని గెలాక్సీకి అంటగట్టినట్టే. స్టార్‌బర్స్ట్99, బీపాస్ నమూనాలు ఇందుకు పనికొస్తాయి. లోహాల (హైడ్రోజన్, హీలియం కాని మూలకాల) పాలు తప్పుగా ఎంచుకుంటే మాత్రం తేడా అంతా శోషణ రేఖలోకే చేరుతుంది. సిలికాన్-4 జంటలో రేఖల మధ్య దూరం 1900 పైచిలుకు ఉండటంతో అధిక అయనీకరణ వాయువుకు అదే నయం.

తక్కువ రెడ్‌షిఫ్ట్ నమూనాల్లో, 1.4 దగ్గర, మెగ్నీషియం-2 2796, 2803 జంట వాడతారు. అక్కడి చిక్కు ఉద్గారపు పూడిక. మింగిన ఫోటాన్‌ను అదే రేఖలో తిరిగి వదలడం వల్ల సున్నా దగ్గర శోషణ పూడిపోతుంది, మిగిలిన గుంట కేంద్రం నీలి వైపు జరిగినట్టు కనబడుతుంది. ఐరన్-2 2382దీ అదే కథ. ఐరన్-2 2374, 2586 రేఖలు మింగిన కాంతిలో ఎక్కువ భాగాన్ని వేరే తరంగదైర్ఘ్యాల్లో వదిలేస్తాయి కాబట్టి పూడిక తక్కువ. ఒకే స్టాక్‌లో 2382 వేగం 2374 వేగం కంటే నీలిగా ఉంటే ఆ తేడాను గాలి ఖాతాలో వేయకూడదు, పూడిక ఖాతాలోనే వేయాలి.

−164 అంటే ఏమిటి, ఏమి కాదు

రేఖ కేంద్రం గాలి వేగం కాదు. గెలాక్సీ లోపల కదలకుండా ఉన్న వాయువు కూడా అదే రేఖలో శోషిస్తుంది. శోషణలో సగం సున్నా దగ్గర, సగం −300 దగ్గర ఉంటే ఈ విభేదనంలో కేంద్రం −150గా తేలుతుంది. నిలకడ వాయువు వాటా మూడింట రెండు వంతులకు పెరిగితే కేంద్రం −100 అవుతుంది, గాలిలో ఏ మార్పూ లేకుండానే. 2010 నమూనాలో కనబడింది ఇలాంటిదే. భారీ గెలాక్సీల్లో కేంద్రం సున్నాకు దగ్గరైంది, అయితే కారణం గాలి మందగించడం కాదు. సున్నా దగ్గర అదనపు శోషణ చేరింది, నీలి అంచు మాత్రం తేలిక గెలాక్సీల్లోలాగే సుమారు −800 దాకా పాకింది. కేంద్రం ఒక్కటే చూసి ద్రవ్యరాశితో గాలి బలహీనపడుతుందని రాసేస్తే అచ్చంగా తలకిందులు. ఎరుపు వైపు సగం అంతా నిలకడ వాయువుదే అనుకుని, దాన్ని అద్దంలోలా నీలి వైపు తిప్పి తీసేస్తే మిగిలేది గాలి. ఇది మోటు పద్ధతే, అయినా కేంద్రం కంటే నిజాయితీ గలది.

గరిష్ఠ వేగం మరింత జారుడు సంఖ్య. రేఖ అంచు కంటిన్యుయంలో ఎక్కడ కలిసిందో అదే గరిష్ఠం అంటే, ఎంత సన్నని నాయిస్ ఉంటే అంత దూరం అంచు కనబడుతుంది. లోతు 0.6, సిగ్మా (వెడల్పు కొలత) 220 ఉన్న గంట ఆకారపు గాస్ రేఖను −160 దగ్గర పెట్టి చూడండి. సిగ్నల్ 10 ఉన్న స్టాక్‌లో అంచు సుమారు −575 దగ్గర నాయిస్‌లో కలుస్తుంది, 40 ఉన్న స్టాక్‌లో −715 దగ్గర. 140 తేడా, భౌతికం ఏమీ లేకుండా! 400 గెలాక్సీల గుంపునూ 40 గెలాక్సీల గుంపునూ పోల్చేటప్పుడు మెరుగైన దానికి కృత్రిమంగా నాయిస్ కలిపి సమానం చేశాకే అంచులు పోల్చాలి. పరికరం విభేదనాన్ని తీసివేయకుండా గరిష్ఠ వేగం చెప్పడం కూడా ఇలాంటి పనే.

గుంపులు చేసే పద్ధతిలోనూ జాగ్రత్త కావాలి. లైమన్-ఆల్ఫా బలాన్ని బట్టి నాలుగు గుంపులు చేయడం 2003 నమూనాలో ఫలించింది. లైమన్-ఆల్ఫా పెరిగే కొద్దీ తక్కువ అయనీకరణ శోషణ తగ్గింది, అధిక అయనీకరణ రేఖలు పెద్దగా మారలేదు. రేఖల బలం విషయంలో ఆ పోలిక గట్టిది. అదే గుంపుల్లో వేగాలు పోల్చాలంటే ఒక మెలిక ఉంది. బలమైన లైమన్-ఆల్ఫా ఉన్నవాటి సున్నా ఆ రేఖ నుంచి, లేనివాటి సున్నా శోషణ రేఖల నుంచి వచ్చి ఉంటే, కనబడే ధోరణి రెండు సూత్రాల మధ్య తేడానే కావచ్చు.

దోషాల అంచనాకు స్టాక్ నాయిస్ చాలదు. గెలాక్సీకీ గెలాక్సీకీ ఉన్న నిజమైన తేడా దానికంటే పెద్దది. తిరిగి ఎంచుకుంటూ కనీసం 500 బూట్‌స్ట్రాప్ నమూనాలు తీసి, ప్రతిసారీ కంటిన్యుయం నుంచి కొలత దాకా మొత్తం పని మళ్లీ నడపాలి. కంటిన్యుయాన్ని ఒకసారే గీసి స్థిరంగా ఉంచితే, రేఖ అంచుల దోషం నమ్మలేనంత చిన్నదిగా వస్తుంది.

ఒంటరి గెలాక్సీతో సరిచూడటం

రెడ్‌షిఫ్ట్ 2.73 దగ్గరున్న ఎంఎస్ 1512-సీబీ58ను ముందున్న గెలాక్సీ గుంపు గురుత్వాకర్షణ దాదాపు 30 రెట్లు ప్రకాశవంతం చేసి చూపుతుంది. మ్యాక్స్ పెట్టినీ బృందం దాన్ని ఒంటరిగానే మంచి విభేదనంతో తీసింది. శోషణ సుమారు 1000 కి.మీ./సె. వెడల్పున, సున్నాకు ఎరుపు వైపు కూడా కొంత పరుచుకుని ఉంది, లోతైన భాగం −255 దగ్గర. ఆ రేఖలో మెట్లూ ముద్దలూ కనబడతాయి. స్టాక్‌లో అవన్నీ కరిగి ఒకే నున్నని గుంటవుతాయి. స్టాక్ రేఖ ఆకారానికి త్వరణ సూత్రాలు అతికించే ముందు ఈ ఒక్క వర్ణపటాన్ని 89 వర్ణపటాల విభేదనానికి మసకబరిచి చూస్తే ఎంత సమాచారం పోయిందో తెలుస్తుంది.

కప్పిన వంతు, అంటే నక్షత్రాల కాంతిలో వాయువు అడ్డుకున్న భాగం, లెక్కకూ ఇదే హెచ్చరిక. సిలికాన్-2 1260, 1526 రేఖల బలాలు వాయువు పలుచగా ఉంటే 6 రెట్లకు పైగా తేడా చూపాలి. స్టాక్‌లలో అవి దాదాపు సమానం, అంటే రేఖలు సంతృప్తమయ్యాయి, వాయువు పెరిగినా ఇక పెద్దగా బలపడవు. అయినా రేఖ అడుగు సున్నా కాంతిని తాకదు, ఎందుకంటే వాయువు నక్షత్రాలన్నిటినీ కప్పడం లేదు. అయితే విభేదనం, రెడ్‌షిఫ్ట్ చెదురు రెండూ అడుగును పైకి లేపుతాయి కాబట్టి లోతు నుంచి వచ్చే కప్పిన వంతు కనిష్ఠ పరిమితి మాత్రమే.

చివరికి అందరూ అడిగేది ఏటా ఎంత ద్రవ్యం బయటికి పోతోందని. హైడ్రోజన్ స్తంభ సాంద్రత (దృష్టిరేఖ పొడవునా ఉన్న పరమాణువుల సంఖ్య) చదరపు సెంటీమీటరుకు 10²⁰, వేగం 150, వ్యాసార్ధం 5 కిలోపార్సెక్‌లు (ఒకటి సుమారు 3260 కాంతి సంవత్సరాలు), అన్ని దిక్కులకూ ప్రవాహం, హీలియం కోసం 1.4 గుణకం అనుకుంటే ఏటా సుమారు 11 సూర్య ద్రవ్యరాశులు. ఇందులో స్టాక్ నేరుగా ఇచ్చింది వేగం ఒక్కటే. సంతృప్త రేఖల నుంచి స్తంభ సాంద్రతకు కనిష్ఠ పరిమితే వస్తుంది, వ్యాసార్ధం మన వర్ణపటంలో ఎక్కడా రాసి ఉండదు. 1 కిలోపార్సెక్ పెడితే 2, 50 పెడితే 110. వ్యాసార్ధం మీద పట్టు కావాలంటే వెనకున్న గెలాక్సీ కాంతిలో ముందున్న గెలాక్సీ వాయువు నీడను వెతకాలి. 2010 పత్రంలో అలాంటి 512 జంటలను పేర్చి, 125 కిలోపార్సెక్‌ల దాకా శోషణ ఎలా తగ్గుతుందో చూశారు. ఆ జంటలు లేని నమూనాలో ద్రవ్య ప్రవాహాన్ని పట్టికలో పెట్టాల్సి వస్తే పక్కనే వాడిన వ్యాసార్ధం, ఘనకోణం (ప్రవాహం పరుచుకున్న దిక్కుల విస్తీర్ణం), స్తంభ సాంద్రత రాయాలి, మరొకరు తమ విలువలతో ఒక్క గుణకారంలో మార్చుకోగలిగేలా.